లివర్ కోసం వెళ్తే పేగు గురించి అడిగారు: నా అనుభవం

ఇది లివర్‌లో పైత్యరసం పోయే గొట్టాలకి వచ్చే ఒక జబ్బు గురించి, దానితో కలిసి ఉండే పేగు జబ్బు గురించి. ముందు దురద గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు అక్కడే మొదలైంది. నేను వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, వేలం మొదలయ్యే లోపు ఐస్ బండ్లు కదలాలి కాబట్టి తెల్లారుజామున మూడున్నరకే అక్కడుండాలి, అంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటేనే నాకు నిద్ర. 2021 వానాకాలంలో అరచేతులూ అరికాళ్ళూ దురద పెట్టడం మొదలైంది. పొక్కు లేదు, దద్దురు లేదు, చర్మం చూస్తే మామూలుగానే ఉంది. పగలు పెద్దగా తెలిసేది కాదు, పడుకున్న అరగంటకి పట్టుకునేది. పైపైన కాదు, లోపల ఎక్కడో ఉన్నట్టుండేది, ఎంత గోకినా అందేది కాదు. మా అమ్మ వాడే పాత చెక్క దువ్వెన ఒకటుంది, దాంతో అరికాళ్ళు గీరుకుంటే కాస్త నెమ్మదించేది, పొద్దున్న చూస్తే దుప్పటి మీద సన్న సన్న రక్తం చారలు. మా ఆవిడ ఆ దుప్పట్లు విడిగా నానబెట్టేది, నాతో ఏమీ అనేది కాదు.

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే గజ్జి అన్నారు. హార్బర్‌లో పని అనగానే అదే అనుకున్నారు, తప్పు పట్టలేను, ఉప్పునీళ్ళు, తడి, జనం. ఇంట్లో అందరూ మెడ నుంచి పాదాల దాకా క్రీమ్ రాసుకున్నాం, బట్టలన్నీ వేడినీళ్ళలో ఉడకబెట్టాం, వారం తర్వాత మళ్ళీ అదే పని. ఇంట్లో ఇంకెవరికీ దురద లేదు, నాకు తగ్గలేదు. పొక్కు లేకుండా, అరచేతులూ అరికాళ్ళతో మొదలై, రాత్రిళ్ళు పెరిగే దురద లివర్ నుంచి రావచ్చని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఆర్నెల్లు కలిసొచ్చేవి.

ఆ డిసెంబర్‌లో మా ఓనరు అందరికీ బ్లడ్ టెస్టులు చేయించారు. నా రిపోర్ట్‌లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము 486 ఉంది, పక్కన నార్మల్ అని వేసింది 120 లోపు. జీజీటీ అనే ఇంకో ఎంజైము కూడా అలాగే పైనుంది. బిలిరుబిన్ మాత్రం 1.1, అంటే కామెర్లు లేవు. దగ్గర్లో క్లినిక్‌కి తీసుకెళ్తే అల్ట్రాసౌండ్ తీయించారు, కొంచెం ఫ్యాటీ లివర్ ఉంది అంతే అన్నారు, లివర్ టానిక్ రాసి, నూనె తగ్గించు, మందు మానెయ్ అన్నారు. నేను మందు తాగనండి అంటే నమ్మినట్టు అనిపించలేదు. నాకు అప్పుడు బాధేసింది గానీ ఇప్పుడు అర్థమైంది ఏంటంటే లివర్ రిపోర్ట్ తేడాగా ఉన్న మగవాడు ఎదురుగా కూర్చుంటే మన దగ్గర మొదటి ప్రశ్నా ఆఖరి ప్రశ్నా అదే. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే లివర్ ఎంజైములు కాస్తే పెరిగి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం నాలుగు రెట్లు, దాంతోపాటు జీజీటీ కూడా పైన ఉంటే దెబ్బ లివర్ కణాలకి కాదు, పైత్యరసం పోయే గొట్టాలకి అని అనుమానించాలట, అల్ట్రాసౌండ్‌లో ఆ సన్న గొట్టాలు సరిగ్గా కనపడవట. ఇవన్నీ తర్వాత తెలిసినవి.

ఈలోపు మా మేనమామ విజయనగరం నుంచి వచ్చి రిపోర్ట్ సంగతి విని "లివరంటే కామెర్లేరా నాయనా, కళ్ళకి ఎక్కకముందే కట్టెయ్యాలి" అని ఒక పల్లెటూరికి తీసుకెళ్ళాడు, నేల ఉసిరి పసరు మూడు పొద్దులు తాగించారు, ఉప్పూ పులుపూ లేకుండా పత్యం. మామయ్య ప్రేమకొద్దీ చేశాడు, కాదనలేకపోయాను. అమ్మ అయితే నా కంచం, గ్లాసు వేరే పెట్టేసింది, పిల్లలకి అంటుకుంటుందని భయం. ఇది అంటుకునే జబ్బు కాదని తర్వాత నన్ను చూసిన డాక్టర్ మేడం స్వయంగా అమ్మకి చెప్పారు, అయినా ఆ స్టీలు గ్లాసు గూట్లో విడిగా బోర్లించి ఉండటం నా కళ్ళలోంచి పోలేదు.

2022 మార్చికి నేను 67 కిలోల నుంచి 62కి వచ్చాను. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఒళ్ళు సొమ్మసిల్లిపోయేది, లెక్కల పుస్తకం మీదే తల వాల్చేసేవాణ్ణి. మా ఆవిడ పట్టుబట్టి గ్యాస్ట్రో డాక్టర్ (పొట్ట, పేగులు, లివర్ చూసేవాళ్ళు) దగ్గరికి తీసుకెళ్ళింది, మేడం, యాభై ఏళ్ళుంటాయేమో, రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకుని పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూశారు. తర్వాత మొదట అడిగింది లివర్ గురించి కాదు.

"మోషన్ ఎలా అవుతోందండి?"

"బానే అవుతోంది మేడం" అన్నాను.

"బానే ఏంటండీ" అంది మా ఆవిడ పక్కనుంచి, "రోజుకి నాలుగైదు సార్లు వెళ్తారు మేడం, రాత్రి నిద్రలోంచి లేచి మరీ వెళ్తారు, మూడేళ్ళ నుంచీ ఇంతే."

నాకు సిగ్గేసింది, నిజం చెప్తున్నా. లివర్ డాక్టర్ దగ్గర దొడ్డికి ఎన్నిసార్లు వెళ్తానో చెప్పడం ఎందుకని అనుకున్నాను, రెండూ వేరే వేరే అనుకున్నాను. 2019లో ఆ విరేచనాలకి వేరే చోట చూపించుకున్నాను కూడా, చిన్న గొట్టం పెట్టి కింది భాగం చూసి అంతా క్లీన్‌గా ఉంది, పైల్స్ లేవు, టెన్షన్ వల్ల వచ్చే ఐబీఎస్ అన్నారు, అంటే పేగులో వాపూ పుండూ లేకుండానే మోషన్ తేడా చేసే ఇబ్బంది. డ్యూటీ టైములు, హార్బర్ హోటల్లో టిఫిన్, కారం, వీటి మీద నెట్టేసి బతికేశాను. మేడం మాత్రం ఆ రాత్రి లేవడం దగ్గర ఆగిపోయారు. ఐబీఎస్ అయితే సాధారణంగా మనిషిని నిద్రలోంచి లేపదు, లేపిందంటే లోపల వాపు ఉందేమో చూడాలి అన్నారు.

ఎంఆర్‌సీపీ రాశారు. అంటే పైత్యం గొట్టాల స్కాన్, ఎమ్మారై మెషీన్‌లోనే తీస్తారు, సూది లేదు గొట్టం లేదు, పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళాలి, ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా బిగబట్టాలి. ఫిల్మ్ లైటు పెట్టె మీద పెట్టి మేడం చూపించారు. పైత్యం గొట్టాలు కొమ్మల్లా నున్నగా సాగాలి, నావి ఒక చోట సన్నబడి ఒక చోట ఉబ్బి మళ్ళీ సన్నబడి, పూసల దండలా ఉన్నాయి. డాక్టర్లు కూడా దాన్ని పూసల్లా ఉంది అనే అంటారట. రాళ్ళ వల్లో, పాత ఆపరేషన్ వల్లో, ఐజీజీ4 అనే ఇంకో జబ్బు వల్లో ఇలాగే కనపడొచ్చు కాబట్టి ఆ టెస్టు కూడా చేయించారు (ఐజీజీ4 అయితే స్టెరాయిడ్స్‌కి లొంగుతుంది, అందుకే అది తేల్చుకోకుండా ముందుకెళ్ళకూడదట). అది నార్మల్ వచ్చింది. అప్పుడు పేరు చెప్పారు, ప్రైమరీ స్క్లెరోసింగ్ కొలాంజైటిస్, పీఎస్‌సీ, అంటే పైత్యం గొట్టాలు వాచి, మచ్చలు కట్టి సన్నబడిపోయే జబ్బు. ఇంటికొచ్చి తెలుగులో పీఎస్‌సీ అని కొట్టి వెతికితే గ్రూప్ టూ నోటిఫికేషన్లు, హాల్ టికెట్లు వచ్చాయి. ఆ రాత్రి ఒక్క తెలుగు ముక్క దొరికితే బావుండు అనిపించింది, ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం అదే.

మేడం ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక ఒక బొమ్మ గీశారు, అది ఇప్పటికీ నా ఫైల్‌లో ఉంది. పైన లివర్, కింద చుట్టలు చుట్టలుగా పేగు, మధ్యలో ఒక లావు గీత. ఆ గీత పోర్టల్ వీన్. పేగులోంచి వచ్చే రక్తం గుండెకి పోకముందే ఆ దారిన నేరుగా లివర్‌కి వెళ్తుందండీ, పేగులో ఏం జరిగినా ముందు తెలిసేది లివర్‌కే అన్నారు. మళ్ళీ లివర్ తయారుచేసిన పైత్యం గొట్టాల గుండా పేగులోకే దిగుతుంది, అందులో చాలా మటుకు మళ్ళీ పేగు పీల్చుకుని పైకి పంపుతుంది. అంటే రోజంతా రెండింటి మధ్యా రాకపోకలే. పేగు గోడ వాచి వదులైతే బ్యాక్టీరియా ముక్కలు ఆ రక్తంలో కలిసి పైకెళ్ళి గొట్టాల చుట్టూ వాపు తెప్పిస్తాయని ఒక ఆలోచన. పేగులో తయారైన తెల్లకణాలకి పేగు అడ్రస్ గుర్తుంటుంది, వాపు వచ్చిన లివర్ రక్తనాళాల్లో కూడా అదే గుర్తు కనపడేసరికి అవి అక్కడ దిగి దాడి చేస్తాయని ఇంకో ఆలోచన. జీన్స్ పాత్ర కూడా ఉంది. అయితే ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోదన్నారు, ఎందుకంటే పెద్దపేగు మొత్తం తీసేసిన వాళ్ళలో కూడా గొట్టాల జబ్బు ఆగట్లేదు, కొందరికి పేగు తీసేసిన ఎన్నో ఏళ్ళకి పీఎస్‌సీ బయటపడుతుంది, కొందరికి లివర్ మార్చాక పేగు జబ్బు మొదలవుతుంది. నేను ఆ మాట విన్నాక చాలా రోజులు ఆలోచించాను. ఒకటి ఇంకోదాన్ని పుట్టించింది అనుకోవడం కన్నా రెండూ ఒకే ఇంటి గొడవ అనుకుంటేనే నాకు అర్థమైంది.

లెక్కలు కూడా చెప్పారు. పడమటి దేశాల్లో పీఎస్‌సీ ఉన్న వందమందిలో డెబ్భై మంది దాకా పేగు వాపు జబ్బు ఉంటుంది, ఎక్కువగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుళ్ళు పడే జబ్బు), మన ఆసియా వైపు అంతకన్నా తక్కువే గానీ ఉంటుంది. తిరగేసి చూస్తే కొలైటిస్ ఉన్న వందమందిలో ఐదుగురికి అటూ ఇటూగా పీఎస్‌సీ ఉంటుంది. అందుకని పీఎస్‌సీ అని తేలగానే, పేగు బాధ ఉన్నా లేకపోయినా కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు మొత్తం చూడటం, చెయ్యాల్సిందే. అక్కడ నేను అడ్డం తిరిగాను. "2019లో గొట్టం పెట్టి చూశారు కదా మేడం, క్లీన్ అన్నారు" అన్నాను. "అది చివరి భాగం వరకేనండీ. ఈ రకంలో చివర బాగానే ఉండి, కుడివైపు లోపల ఎర్రగా ఉంటుంది చాలాసార్లు. రక్తం పడదు, నొప్పి పెద్దగా ఉండదు, మనిషికి తెలియదు" అన్నారు. మూడేళ్ళు నేను ఐబీఎస్ అని మోసింది అదన్నమాట.

2022 మే నెలలో చేయించుకున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, మాకు పని ఉండదు, సెలవు అడక్కుండా దొరికే రోజులు అవే. ముందు రెండ్రోజులు పప్పు, ఆకుకూర, గింజలున్న పళ్ళు బంద్, పెరుగన్నం, ఇడ్లీ. ముందు రోజు సాయంత్రం నుంచి పౌడర్. రెండు లీటర్ల నీళ్ళలో కలిపి రెండు గంటల్లో తాగాలి, నిమ్మకాయ సోడాలో ఉప్పు మరీ ఎక్కువై గ్యాస్ పోయిన రుచి, మొదటి మూడు గ్లాసులు పర్లేదు, ఐదో గ్లాసుకి గొంతు దగ్గరే ఆగిపోయింది. మా ఆవిడ ఫ్రిజ్‌లో చల్లబరిచి స్టీలు చెంబులో పోసి ఇచ్చింది, చల్లగా ఉంటే కాస్త దిగుతుంది, ఇది చేసుకోబోయేవాళ్ళు గుర్తుంచుకోండి. మాది కంచరపాలెంలో మేడ మీద పోర్షన్, బాత్రూం కింది వాళ్ళతో కలిపి ఒక్కటే, ఆ రాత్రి వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకున్నాం, పాపం వాళ్ళ పెద్దాయన మా కోసం వరండా లైటు ఆర్పకుండా ఉంచాడు. తెల్లారేసరికి వచ్చేది నీళ్ళే, లేత పసుపు రంగులో, అలా వస్తేనే క్లీన్ అయినట్టు.

మత్తు ఇచ్చారు కాబట్టి నాకేం తెలీలేదు. తర్వాత ఫోటోలు చూపించారు. చివర రెక్టమ్ దాదాపు మామూలుగా, గులాబీ రంగులో, లోపల సన్న రక్తనాళాలు కనపడుతున్నాయి. లోపలికి వెళ్ళేకొద్దీ ఎరుపు పెరిగి, కుడివైపు ఆ నాళాలే కనపడకుండా గోడ అంతా మసకగా, చుక్కలు చుక్కలుగా ఉంది. మేడం అన్నది అన్నట్టే. ఎర్రగా ఉన్నచోటా బాగున్నచోటా కూడా ముక్కలు తీసి బయాప్సీకి పంపారు, పెద్దపేగు మొత్తానికి కొలైటిస్ అని వచ్చింది, కణాల్లో క్యాన్సర్ వైపు మార్పు ఏమీ లేదు అన్నారు. ఆ చివరి లైను మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, కొలైటిస్ ఒక్కటే ఉన్నవాళ్ళకన్నా పీఎస్‌సీ కూడా కలిసి ఉన్నవాళ్ళకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. మామూలు కొలైటిస్‌లో ఎనిమిదేళ్ళు గడిచాక ఈ చెకప్ మొదలుపెడతారు, పీఎస్‌సీ ఉంటే తేలిన రోజు నుంచే, ఏడాదికోసారి, పేగు ఎంత ప్రశాంతంగా ఉన్నా సరే. బాగుంది కదా మళ్ళీ ఎందుకు అని మానేసేది సరిగ్గా ఇక్కడే. అలాగే పైత్యం గొట్టాల క్యాన్సర్, గాల్‌బ్లాడర్‌లో పాలిప్స్ (చిన్న కండ పెరుగుదలలు), వీటి కోసం ఏటా స్కాన్. ఇవి చదివి మొదట్లో రెండు వారాలు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, పిల్లల స్కూల్ ఫీజు రసీదులు తీసి ఊరికే లెక్కలు వేసుకుంటూ కూర్చునేవాణ్ణి.

మందుల సంగతి. పేగుకి మెసలమిన్ రాశారు, రెండు నెలల్లో రాత్రి లేవడం ఆగిపోయింది, రోజుకి ఒకటి రెండుసార్లకి వచ్చింది, బరువు మూడు కిలోలు తిరిగొచ్చింది. నేను అమాయకంగా పేగు బాగుపడింది కాబట్టి లివర్ కూడా తగ్గుతుంది అనుకున్నాను, ఫాస్ఫటేజ్ మళ్ళీ చూస్తే 450. రెండూ కలిసే ఉంటాయి గానీ ఒకటి తగ్గితే ఇంకోటి తగ్గాలని లేదట. గొట్టాలకి అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ గోళీలు, 300 ఎంజీవి రోజుకి మూడు. రిపోర్ట్‌లో అంకెలు దిగుతాయి, జబ్బు ఆగుతుందని మాత్రం రుజువు కాలేదండీ అని మేడం ముందే చెప్పేశారు. అయితే ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుందేమో అని అడిగాను. వద్దన్నారు గట్టిగా, కిలోకి 28 నుంచి 30 ఎంజీ లెక్కన ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2009లో వచ్చాయట, అంకెలు దిగాయి గానీ మనుషులకి చెడే ఎక్కువ జరిగింది. రిపోర్ట్ బాగుండటం వేరు మనిషి బాగుండటం వేరు అని నాకు అప్పుడు తెలిసింది.

దురదకి కొలెస్టిరమిన్ పొడి ఇచ్చారు, ఇసక నీళ్ళలో కలిపినట్టుంటుంది, మిగతా మందులు దీనికి గంట ముందు గానీ నాలుగు గంటల తర్వాత గానీ వేసుకోవాలి, లేకపోతే ఆ మందుల్ని కూడా ఇదే పట్టేసుకుని బయటికి తీసుకుపోతుంది. ఈ సంగతి మెడికల్ షాపులో చెప్పరు. నా డ్యూటీ టైములకి తగ్గట్టు మా ఆవిడ ఒక పాత క్యాలెండర్ వెనక గంటలు రాసి వంటింట్లో అతికించింది. పది రోజులకి ఒక రాత్రి మెలకువ రాకుండా మూడు దాకా పడుకున్నాను. లేచి దువ్వెన కోసం చూస్తే అమ్మ దాన్ని తీసుకెళ్ళి తన గూట్లో పెట్టుకుంది. పైత్యం సరిగ్గా దిగకపోతే కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటికి పట్టవు కాబట్టి డి విటమిన్ కూడా చూశారు, బాగా తక్కువుంది, ఎముకల స్కాన్ కూడా తీయించారు.

ఇంకొక్కటి, ఇది మటుకు జాగ్రత్తగా చదవండి. 2023 నవంబర్‌లో ఒక రోజు నాలుగింటికి హార్బర్‌లో ఉండగా చలి పట్టుకుంది, పళ్ళు టకటకలాడిపోయేంత వణుకు. పక్కనున్న కుర్రాడు "మలేరియాలా ఉంది గురువుగారూ, ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు, మన ఏరియాలో ఎవరైనా అదే అంటారు. పడుకునేవాణ్ణే, కానీ మేడం ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టారు, వణుకుతో జ్వరం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనపడినా అదే రోజు హాస్పిటల్ అని. ఆటో ఎక్కి అటు నుంచి అటే వెళ్ళిపోయాను. గొట్టం ఒక చోట బాగా బిగుసుకుపోయి పైత్యం నిలిచి ఇన్ఫెక్షన్ అయ్యింది, కొలాంజైటిస్. యాంటీబయోటిక్స్ ఎక్కించి, రెండో రోజు ఈఆర్‌సీపీ చేశారు, నోట్లోంచి గొట్టం పంపి, బిగుసుకున్న చోట చిన్న బెలూన్‌తో వెడల్పు చేసి, అక్కడి కణాల్ని బ్రష్‌తో తీసి టెస్టుకి పంపారు, క్యాన్సర్ దాక్కుందేమో చూడటానికి. లేదు. ఈఆర్‌సీపీ మొదట్లోనే ఎందుకు చెయ్యలేదని అడిగితే, దానివల్ల పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది, జబ్బు తెలుసుకోవడానికి ఎంఆర్‌సీపీ చాలు, పని ఉంటేనే ఇది అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి పారాసెటమాల్ వేసుకుని పడుకుని ఉంటే రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకేదన్నారు.

లివర్ మార్పిడి గురించి కూడా అడిగాను, అడక్కుండా ఎలా ఉంటాను. చివరికి దీనికి మందు అదే, కానీ మీకు ఇప్పుడు ఆ అవసరం లేదు, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) బాగానే ఉంది, చాలామంది ఏళ్ళ తరబడి ఇలాగే ఉంటారు, మార్చిన లివర్‌లో కూడా కొందరికి ఇది తిరిగొస్తుంది కాబట్టి తొందరపడేది కాదు అన్నారు. నాకు తియ్యగా చెప్పేవాళ్ళ కన్నా ఇలా చెప్పేవాళ్ళే కావాలి.

ఇప్పుడు హార్బర్‌లో ఎవరైనా ఎడతెగని విరేచనాలు అంటే నేను ఆగి అడుగుతాను, రాత్రి లేస్తున్నావా, ఎల్ఎఫ్‌టీ (లివర్ బ్లడ్ టెస్టు) ఎప్పుడు చేయించావు అని. లివర్ రిపోర్ట్ తేడా అంటే మోషన్ సంగతి అడుగుతాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ. మా తమ్ముడికి కూడా రక్తం టెస్టు చేయించాను, సొంత అన్నదమ్ముల్లో కాస్త ఎక్కువగా వస్తుందట, వాడికి అంతా నార్మల్.

మొన్న మేడం దగ్గరికి వెళ్తే నాలుగో కొలనోస్కోపీకి డేట్ అడిగారు. వేట ఆగాక పెట్టించండి మేడం అన్నాను. పౌడర్ ప్యాకెట్ అప్పుడే తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది మా ఆవిడ, పక్కనే ఆ స్టీలు చెంబు.